ఊడిరావలసిన ముడి

మా బిల్డింగులోనే కాపురముంటూ, లిఫ్టు మొరాయించినప్పుడల్లా బాగుచేసే మెకానిక్‌ని అందరూ గట్టిముడి అనేవారు. మొహం మీదే అలా పిలిచినా ఆయన నొచ్చుకునేవాడు కాదు. లోపల్లోపల కాస్త గర్వపడేవాడనే నా అనుమానం. తాడు కనిపిస్తే ఆయన చేతులు ఊరుకునేవి కావు. పనిముట్ల సంచీకి తాడు, స్క్రూడ్రైవరు పిడికి దారం, టార్చిలైటుకి దారం, వేసిన ప్రతి ముడి మీదా ఇంకో ముడి. కొత్తగా పనిలో చేరినవాళ్ళు నవ్వితే ఏమీ అనకుండా, వాళ్ళ నడుము బెల్టుకున్న తాడును ఒక్క గుంజు గుంజి చూసేవాడు. అది ఏమాత్రం కదిలినా మళ్ళీ మొదటినుంచి కట్టించేవాడు.

దీని వెనక ఒక కథ ఉంది. ఆయన పని నేర్చుకుంటున్న రోజుల్లో, నేర్పుతున్న పెద్దమేస్త్రి ఆయన కళ్ళముందే లిఫ్టు గుంటలో పడిపోయాడు. తాడు బాగానే ఉంది. ముడి జారింది. ప్రాణం దక్కింది గానీ మేస్త్రి మళ్ళీ తన కాళ్ళ మీద నిలబడలేదు. ఆ ముడి వేసింది తను కాదని గట్టిముడికి తెలుసు. అయినా ఆ రోజంతా తన చేతులకేసే చూసుకుంటూ కూర్చున్నానని ఒకసారి నాతో అన్నాడు. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన కట్టిన తాడు జారి ఒక్క మనిషికీ గోరంత దెబ్బ తగల్లేదు.

చీకటి గుంటల్లో, గ్రీజు వాసనలో బతుకంతా గడిపిన మనిషికి రిటైరవగానే ఆకాశం కింద కూర్చోవాలనిపించడంలో వింతేముంది? నది సముద్రంలో కలిసేచోట రేవు గట్టు మీద కూర్చుని గాలం వేయడం మొదలుపెట్టాడు. చేప గట్టు దగ్గరికి రాదనీ, అది ఉన్నచోటికి మనమే వెళ్ళాలనీ ఆయన చెవిలో ఊదినవాడు బావమరిది.

ఈ బావమరిది ఆయన భార్యకి సొంత తమ్ముడు. డ్రైవింగ్ స్కూల్లో కార్లు నేర్పుతాడు. వచ్చీరాని వాళ్ళ పక్కన, తన వైపున్న రెండో బ్రేకు మీద కాలు వేసుకుని రోజంతా కూర్చుంటాడు కాబట్టి, తనలో భయం ఎప్పుడో చచ్చిపోయిందనేవాడు. నేర్చుకునేవాళ్ళు బెల్టు పెట్టుకోకపోతే బండి కదలనివ్వడు. తను మాత్రం ఏనాడూ పెట్టుకోడు. అతనికి అప్పటికే ఒక కయాక్ ఉంది, ఎవరో ఊరు మారిపోతూ వదిలించుకున్నది. పందేల్లో కనిపించే సన్నటి పడవ కాదది. చేపలు పట్టేవాళ్ళకని వెడల్పుగా చేసి, పైన కుర్చీ బిగించి ఉంటుంది. తెడ్డు వేసుకుంటూ ఒక్కడే వెళ్ళిరావచ్చు. బావ కూడా ఒకటి కొనుక్కుంటే జతగా వెళ్ళొచ్చని అతని ఆశ.

గట్టిముడి నెలల తరబడి ఆలోచించి కయాక్ కొన్నాడు. కానీ దానికి కావలసిన సరంజామా ఎంచుకోవడానికి దుకాణానికి వెళ్ళేటప్పుడు భార్య కూడా బయల్దేరింది. ఆవిడ ఆసుపత్రిలో దుప్పట్లూ బట్టలూ ఉతికే విభాగానికి పెద్ద. ఎవరి మాటనీ ఊరికే నమ్మే మనిషి కాదు. వీళ్ళిద్దరినీ ఒంటరిగా దుకాణంలో వదిలితే ఒకడు తాళ్ళు కొనుక్కొస్తాడు, ఇంకొకడు బొమ్మలు కొనుక్కొస్తాడు అని నాతో మెట్ల మీద అని మరీ వెళ్ళింది.

దుకాణం రేవు వెనక సందులో, ఒకప్పటి ఉప్పు గోడౌనులో ఉండేది. గోడలకి నిలువుగా ఆనించిన కయాక్‌లు, దూలాలకి వేలాడుతున్న తెడ్లు, కొత్త రబ్బరు వాసన. నడిపే ఆవిడ అంతకుముందు ఈతకొలనులో కాపలా ఉద్యోగం చేసింది. మాట తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. బావమరిది లోపలికి అడుగుపెట్టగానే గాలం కర్రలు నిలబెట్టే గొట్టాల దగ్గరా, నీటి అడుగున చేపల్ని చూపించే బుల్లి తెర దగ్గరా అతుక్కుపోయాడు. ఆవిడ అటు కన్నెత్తి చూడలేదు. ఎక్కడికి వెళ్తారు, ఒంటరిగానా జతగానా, ఈత వచ్చా అని గట్టిముడిని అడిగింది. ఈత ఏదో వచ్చన్నాడు. నదీముఖం దగ్గరికి అనగానే ఆవిడ చేతిలో పని పక్కన పెట్టింది.

"పడవ తిరగబడితే దాన్ని మళ్ళీ తిప్పి, పైకి ఎక్కగలరా?"

గట్టిముడి అసలు తిరగబడకుండానే చూసుకుంటానన్నాడు. ఆవిడ నవ్వలేదు, వాదించలేదు. లోపలినుంచి ఒక లైఫ్ జాకెట్టు తెచ్చి ఆయనకి తొడిగి, పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగింది. అది చెవుల దాకా వచ్చేసింది. ఇది వదులు, నీళ్ళలో మీరు కిందా జాకెట్టు పైనా ఉంటారని దాన్ని తీసేసి ఇంకోటి తొడిగింది. ఈసారి ఎంత లాగినా కదల్లేదు. కుర్చీకి ఆనుకున్నా అడ్డురాకుండా వీపు కింది భాగంలో పల్చగా ఉంది. మెడ వెనక ఒక గట్టి పట్టీ ఉంది. నీళ్ళలో ఉన్న మనిషిని అది పట్టుకుని లాగుతారని చూపించింది. గాలి నింపుకునే సన్నటి రకం ఉంటుంది కదా, ఉక్కపోయదు అన్నాడు బావమరిది. గాలం కొక్కేలు చుట్టూ పెట్టుకుని గాలి సంచీ కట్టుకుంటారా అని ఆవిడ అడిగితే మళ్ళీ బుల్లి తెర దగ్గరికి పోయాడు.

జాకెట్టుకి విజిలు ఒప్పుకున్నారు. గట్టిముడి భార్య గోడకున్న ఒక పొడవాటి కర్ర జెండాను చూసింది. దూరాన్నుంచి కయాక్ కనబడటానికి కట్టే నారింజ రంగు జెండా. అది కావాలంది. పిల్లల సైకిలుకి కట్టేదానిలా ఉందని తమ్ముడు వేళాకోళం చేశాడు. ఆవిడ జెండా చంకలో పెట్టుకుని నిలబడింది. ఇక దాని గురించి మాట్లాడటానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

పేచీ లంగరు దగ్గర వచ్చింది. లంగరు తాడు ఎప్పుడూ పడవ ముక్కు నుంచో తోక నుంచో ఉండాలి, పక్కనుంచి ఉండకూడదు అంది దుకాణం ఆవిడ. కూర్చున్న చోటినుంచే తాడును ముందుకీ వెనక్కీ జరుపుకునే కప్పీ ఒకటి చూపించింది. దాని చివర ఒక కొక్కెం. దాన్ని లాగితే తాడు మొత్తం ఊడి నీళ్ళలో పడుతుంది. తాడుకి కట్టిన తేలుడు బుడ్డి పైన కనిపిస్తూ ఉంటుంది, తర్వాత వచ్చి తీసుకోవచ్చు.

గట్టిముడి ఆ కొక్కేన్ని లాగి చూశాడు. అది టక్కున ఊడింది. ఆయన మొహంలో రంగు మారిందని భార్య చెప్పింది.

"ఊడిపోయేదాన్ని ఏరికోరి కొనుక్కోవడం ఏమిటమ్మా?" అన్నాడు.

"తాడే మిమ్మల్ని ముంచుతున్నప్పుడు ఊడాలి కదండీ," అంది ఆవిడ. చిన్న కత్తి ఒకటి తీసి గుండెల మీద జాకెట్టుకి తగిలించి చూపించింది. చెయ్యి చటుక్కున వెళ్ళేచోట ఉండాలంది.

తాళ్ళు తెగకుండా చూడటమే జీవితంగా బతికిన మనిషిని తాళ్ళు కోసే కత్తి గుండెల మీద పెట్టుకోమంటే ఎలా ఉంటుంది? కత్తి కొన్నాడు, భార్య చూస్తోందని. కప్పీ మాత్రం వద్దన్నాడు. కప్పీలు నా చేతి పనే, ఇంటి దగ్గర చేసుకుంటానన్నాడు. దుకాణం ఆవిడ ఆయన వైపు ఒక్క క్షణం చూసి, తన ఫోను నంబరు ఇచ్చింది. పాటు మొదలవకముందే బయటికి వచ్చేయండి అని చెప్పింది. పాటు అంటే పోటు మీద ఎక్కిన నీళ్ళు మళ్ళీ సముద్రంలోకి దిగిపోయే వేళ. అప్పుడు నదీ, సముద్రం తీసుకుపోయే నీళ్ళూ కలిసి ఒకే దారిన పోతాయి.

ఇంటి దగ్గర ఆయన చేసింది కప్పీ కాదు. కుర్చీకి ఎడమ పక్కన, చేతికి అందేచోట, ఒక ఉక్కు రింగు బోల్టులతో బిగించాడు. లంగరు తాడు దానికి కట్టాడు, ముడి మీద ముడి. గాలం కర్రలకి తాళ్ళు, తెడ్డుకి తాడు, చేపల సంచీకి తాడు. చివరికి పనిలో వాడిన తన పాత నడుము బెల్టు పెట్టుకుని, దాని తాడు కూడా కుర్చీకి కట్టుకున్నాడు. పడినా పడవకి దూరం కాకూడదని. కత్తి మాత్రం ముందు భాగంలో ఉన్న పెట్టెలో, టిఫిను డబ్బా కింద పెట్టాడు.

"బావా, చేపకి కూడా తాడు కట్టి వదులు, రేపు అదే వస్తుంది," అన్నాడు బావమరిది. అతను తన జాకెట్టును కుర్చీకి తొడిగి, వీపుకి మెత్తగా ఉంటుందని ఆనుకున్నాడు. వేసుకోరా అని బావ ఎన్నిసార్లు పోరినా, ఇక్కడే ఉంది కదా, ఎక్కడికి పోతుందనేవాడు. ఇద్దరూ ఒకరినొకరు వేళాకోళం చేసుకుంటూ నిశ్చలంగా ఉన్న నీళ్ళలో చాలాసార్లు వెళ్ళొచ్చారు. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడంతో ఇద్దరికీ తమ తమ పద్ధతే సరైనదన్న నమ్మకం కుదిరింది.

ఆ రోజు పొద్దున్న నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పోటు నిండుగా వచ్చి ఆగిన వేళ. కూలిపోయిన పాత వంతెన పునాది రాళ్ళ దగ్గర పండుగప్పలు తిరుగుతున్నాయని ఎవరో చెబితే ఇద్దరూ అక్కడికి వెళ్ళారు. గట్టిముడి లంగరు దించాడు. బావమరిది కొంచెం దిగువన, లంగరు లేకుండానే, తెడ్డుతో సర్దుకుంటూ గాలం వేశాడు. కాసేపటికి గట్టిముడికి మోచేతంత చేప పడింది. వెంటనే ఇంకోటి. అంతటి చేపలు ఆయన ఎప్పుడూ పట్టలేదు. వెళ్దామా అని బావమరిది ఒకసారి అడిగాడట. ఇంకొక్కటి అని తనే అన్నానని గట్టిముడి ఒప్పుకున్నాడు.

నీళ్ళు కదలడం మొదలైన సంగతి ఆయన గమనించేసరికి తాడు బిర్రబిగుసుకుని ఉంది. రింగు ఎడమ పక్కన ఉంది కాబట్టి ప్రవాహం కయాక్‌ని అడ్డంగా తిప్పి, ఎడమ అంచును కిందికి లాగుతోంది. ఆయన కుడివైపు ఒరిగి బరువు వేశాడు. రెండు చేతులా లంగరు లాగాడు. అది రాళ్ళ సందున ఇరుక్కుంది. ఇంకొంచెం తాడు వదిలి సడలిద్దామంటే తాడు మిగల్లేదు, ఉన్నదంతా కట్టేశాడు. సరే, ముడి విప్పుదామని చూశాడు. ఆయన వేసిన ముడి, తడిసి, బరువుకి బిగుసుకుని రాయిలా ఉంది. గోరు దూరే సందు లేదు.

అంచు మీదుగా మొదటి నీళ్ళు ఒళ్ళోకి వచ్చాయి.

అప్పుడు కత్తి గుర్తొచ్చింది. పెట్టె కాళ్ళకి అవతల, ముందు భాగంలో ఉంది. ఆయన ముందుకి వంగాడు. వంగగానే కుడివైపు వేసిన బరువు తగ్గి, కయాక్ ఇంకాస్త ఒరిగింది, మోకాళ్ళ దాకా నీళ్ళు వచ్చి పడ్డాయి. చటుక్కున వెనక్కి వాలాడు. ఇక అటు కదలడానికి లేదు. కుడి అంచును గట్టిగా పట్టుకుని, ఊపిరి కూడా చూసుకుని పీలుస్తూ, అలాగే ఉండిపోయాడు.

బావమరిది చూశాడు. చేప నిన్నే పట్టిందా బావా అని మొదట నవ్వాడు. దగ్గరికి తెడ్డు వేయబోతే కయాక్ ఎంతకీ ముందుకు రాకపోవడంతో అతని నవ్వు ఆగిపోయింది. పళ్ళు బిగించి తెడ్డు వేశాడు. ఎగువకి వెళ్ళి, అక్కడినుంచి లంగరు తాడు పట్టుకుని పైకి లాగుతాననీ, రాళ్ళలోంచి ఊడుతుందనీ అరిచి చెప్పాడు.

"ముందు జాకెట్టు వేసుకో. వేసుకోకుండా రావద్దు," అన్నాడు గట్టిముడి.

అతను వినిపించుకోలేదో, వినీ చెవిన వేసుకోలేదో తెలియదు. రొప్పుతూ రొప్పుతూ వెళ్ళి, బిగిసి ఉన్న తాడును చేత్తో పట్టుకున్నాడు. పట్టుకోవడమే తప్పయింది. అతని కయాక్ అడ్డం తిరిగి తాడుకి తగులుకుంది, కింద నీళ్ళు తోశాయి. రెప్పపాటులో బోర్లాపడింది. బొక్కబోర్లా పడిన కయాక్, కుర్చీతో, కుర్చీకి తొడిగిన జాకెట్టుతో సహా, గట్టిముడి పక్కనుంచే జారుకుంటూ సముద్రం వైపు పోయింది. కాసేపటికి దానికి కాస్త దూరంలో ఒక తల పైకి వచ్చింది.

"బావా," అని ఒక్కసారి పిలిచాడు. రెండోసారి నోట్లోకి నీళ్ళు వెళ్ళాయి.

గట్టిముడి తల కనిపించిన వైపు తిరిగాడు. వెళ్ళాలి. కానీ నడుముకి తాడు ఉంది, ఆ తాడు కుర్చీకి ఉంది, దాని మీదా రెండు ముడులు. ఆయన వేళ్ళు ఆ ముడి మీద పడ్డాయి. కొంతసేపు, ఎంతసేపో ఆయనకే తెలియదు, ఆ ముడినే గీకుతూ ఉండిపోయాడు. బావమరిది తల చిన్నదవుతోంది. అప్పుడు తట్టింది, తాడు విప్పనక్కర్లేదు, బెల్టే విప్పొచ్చని. బకిల్ జాకెట్టు కింద ఉంది. పని చేసిన అన్నేళ్ళలో ఆ బకిల్‌ని నేల మీద నిలబడి తప్ప ఎక్కడా విప్పలేదు. ఎత్తులో ఉండగా దానిమీద చెయ్యి కూడా వేసేవాడు కాదు. జాకెట్టు కింది అంచు ఎత్తి, బకిల్ నొక్కి, బెల్టు వదిలేసి, ఎడమ పక్క అంచు మీదుగా నీళ్ళలోకి జారాడు.

చన్నీళ్ళు ఛాతీని పిండేశాయి. కాసేపు ఊపిరి అందలేదు. కానీ జాకెట్టు ఆయన్ని పైకి తెచ్చి, మొహం ఆకాశం వైపు తిప్పింది. ఇద్దరినీ ఒకే నీళ్ళు ఒకే దారిన తీసుకుపోతున్నాయి, తను చేయాల్సిందల్లా మధ్యనున్న ఆ కాస్త దూరం దాటడమే. వెల్లకిలా కాళ్ళు ఆడిస్తూ, అప్పుడప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళాడు. రెండుసార్లు తల కనిపించలేదు. మూడోసారి చూసేసరికి చేతికందేంత దూరంలో ఉంది.

బావమరిది ఆయన్ని చూడగానే మీదికి ఎక్కేశాడు. భుజాల మీద మోకాలు వేసి, తల మీద చెయ్యి వేసి కిందికి తొక్కాడు. గట్టిముడి మునిగాడు. తేలాడు. మళ్ళీ మునిగాడు. నీళ్ళ కింద ఆయనకి అతని చొక్కా కనిపిస్తోంది, పైన వెలుతురు కనిపిస్తోంది, మధ్యలో దారి లేదు. మోచెయ్యి వెనక్కి లాగి, ఉన్న సత్తువంతా పెట్టి అతని మొహం మీద కొట్టాడు. పట్టు వదిలింది. పైకి వచ్చేసరికి బావమరిది ముక్కునుంచి రక్తం కారుతోంది. కళ్ళు తెల్లబోయి ఉన్నాయి.

"నన్ను పట్టుకోకు. వెనక పట్టీ పట్టుకో. మెడ దగ్గర," అన్నాడు గట్టిముడి, వీపు అతని వైపు తిప్పుతూ. అలాంటి గొంతు బావకి ఉందని అంతకుముందు తనకి తెలియదని బావమరిది తర్వాత చెప్పాడు. పట్టీ పట్టుకున్నాడు. ఒక జాకెట్టు మీద ఇద్దరు. గట్టిముడికి గడ్డం దాకా నీళ్ళు. ప్రతి అల నోట్లోకే.

ఎదురుగా నదీముఖం. దాని అవతల సముద్రం విరుచుకుపడుతున్న చప్పుడు వినబడుతోంది. ఇసుక తీసుకువచ్చే పెద్ద పడవ ఒకటి లోపలికి వస్తూ కనిపించింది. గట్టిముడి విజిలు నోట్లో పెట్టుకుని ఊదాడు. పడవ ఇంజను మోతలో అది దోమ పాటలా పోయింది. పైన నిలబడిన మనిషి అటు తిరిగి బీడీ కాలుస్తున్నాడు. పడవ వాళ్ళని దాటిపోయింది, వెనక వచ్చిన అలలు వాళ్ళిద్దరి మీదుగా వెళ్ళాయి. పట్టీ మీద బరువు ఒక్కసారి తగ్గింది. గట్టిముడి చెయ్యి వెనక్కి చాపి వెతికాడు. చొక్కా కాలరు దొరికింది. దాన్ని మళ్ళీ వదల్లేదు. ఉన్నావా అని అడుగుతూనే ఉన్నాడు. మొదట్లో ఊఁ అని వినబడేది. తర్వాత అదీ లేదు.

వాళ్ళని చూసింది రేవు దాటించే లాంచీని నడిపే సరంగు. నిజానికి ఆయన వాళ్ళని చూడలేదు. పాత వంతెన రాళ్ళ దగ్గర ఒక నారింజ రంగు జెండా ఒక పక్కకి వాలి నీళ్ళలో కొట్టుకుంటూ కనిపించింది. దాని కింద కయాక్ ఉంది, మనిషి లేడు. సరంగు జనంతో నిండిన లాంచీని అలాగే మలుపు తిప్పి, ప్రవాహం పోయే దారినే పోనిచ్చి, అందరినీ నీళ్ళకేసి చూడమన్నాడు. విజిలు ముందుగా ఎవరో ముసలావిడకి వినబడింది. గట్టిముడి అప్పటికి ఊదుతున్నానన్న సంగతి కూడా మరిచిపోయి ఊదుతున్నాడు. ముందు వీణ్ణి అని ఆయన చెప్పినప్పుడు, లాంచీలోంచి వంగిన మనిషి ఆయన వేళ్ళను కాలరు నుంచి ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

ఇద్దరినీ గట్టిముడి భార్య పనిచేసే ఆసుపత్రికే తీసుకువచ్చారు. ఆవిడ దుప్పట్లు లెక్క చూసుకుంటుంటే ఎవరో వచ్చి చెప్పారు. తమ్ముడు ఆక్సిజను పెట్టుకుని పడుకున్నాడు, మొహం వాచిపోయింది. భర్త దుప్పటి కప్పుకుని బల్ల మీద కూర్చున్నాడు. ఆవిడ తమ్ముడి ముక్కు చూసింది, భర్త మోచెయ్యి చూసింది. దాని గురించి అడగలేదు.

"ఆ లంగరు తాడు కట్టింది మీరేనా?"

"నేనే."

ఆవిడ తడి బట్టలు మూట కట్టుకుని కిందికి వెళ్ళిపోయింది.

ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరి బావమరిది వారాల తరబడి మంచం మీద ఉన్నాడు. ఒక దశలో డాక్టర్లు ఏమీ చెప్పలేమన్నారు. గట్టిముడి రోజూ వెళ్ళి వార్డు బయట కూర్చునేవాడు. లోపలికి వెళ్ళేవాడు కాదు. బావమరిది కూడా రమ్మని కబురు పెట్టలేదు. కోలుకుని పనికి వెళ్ళడం మొదలుపెట్టాక అక్క ఇంటి ఛాయలకి కూడా రాలేదు. ఫోను చేస్తే క్లాసులో ఉన్నాననేవాడు. ఎంత దగ్గరి మనుషులో అంత దూరమైపోయారు. మధ్యలో ఆవిడ నలిగిపోయింది.

కయాక్‌ని లాంచీవాళ్ళు తాడు కోసి ఒడ్డుకి చేర్చారు. ఆ ముడి రింగుకి అలాగే ఉంది. గట్టిముడి ఒక సాయంత్రం మా బిల్డింగు కింద కూర్చుని దాన్ని మేకుతో, పట్టకారుతో విప్పాలని చూశాడు. నేనూ కాసేపు ప్రయత్నించాను. చివరికి హాక్సా తెచ్చి కోసేశాడు, రింగు బోల్టులు ఊడబెరికాడు, రెండూ కలిపి చెత్తకుండీలో వేశాడు.

తర్వాత కయాక్ తీసుకుని దుకాణానికి వెళ్ళాడు. ఆవిడ ముందే చెప్పాను కదా అనలేదు. కయాక్‌కి కట్టిన తాళ్ళన్నీ ముందు విప్పించింది. ఏది ఉండాలి, ఎందుకుండాలి అని ఒక్కొక్కదానికీ ఆయన చేతే చెప్పించింది. సగానికి పైగా తాళ్ళకి ఆయన దగ్గర జవాబు లేదు. కొక్కెం, కప్పీ, తేలుడు బుడ్డి కొన్నాడు. కత్తి గుండెల మీదికి వచ్చింది. జనం లేని వేళ ఈతకొలనులో తిరగబడటం నేర్పమని ఆయనే అడిగాడు. భార్య గట్టు మీద కూర్చుని చూసింది. తిరగబడటం, పడవని తిప్పడం, పొట్ట మీద పాక్కుంటూ ఎక్కడం. ఆ వయసులో అది చూడటానికి ఎంత నవ్వొచ్చేలా ఉన్నా తనకి నవ్వు రాలేదని ఆవిడ చెప్పింది. ఇంట్లో ఆయన కొక్కేన్ని లాగి లాగి సాధన చేసేవాడు. ఊడిన ప్రతిసారీ ఆయన చెయ్యి తనకి తెలియకుండానే తాడు కొస మీదికి వెళ్ళేది, ఇంకో ముడి వేయడానికి. మధ్యలో గుర్తొచ్చి వెనక్కి తీసుకునేవాడు.

బావమరిది ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. నేర్చుకునేవారి బోర్డు ఉన్న కారు మా గేటు ముందు ఆపి, చాలాసేపు అందులోనే కూర్చున్నాడు. పైకి వెళ్ళాక గుమ్మంలోనే నిలబడిపోయాడట.

"నిన్ను కిందికి తొక్కాను బావా. నువ్వని తెలిసే తొక్కాను," అన్నాడు.

వంటింట్లో పంపు కట్టేసిన చప్పుడు వినబడింది.

"నేనూ తెలిసే కొట్టానురా," అన్నాడు గట్టిముడి. "వదిలించుకోవాలనే కొట్టాను. ఆ క్షణంలో నువ్వేమైపోయినా సరే అనిపించింది."

అక్క వంటింటి తలుపు దగ్గరే ఆగిపోయింది. కాసేపటికి బావమరిది చెప్పులు విప్పి లోపలికి వచ్చి, ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కాకుండా నేల మీద, బావ కాళ్ళకి దగ్గరగా కూర్చున్నాడు. సాయంత్రం దాకా ఉన్నాడు.

అతను మళ్ళీ పడవ ఎక్కలేదు. పోయిన కయాక్ దొరకలేదు, ఇంకోటి కొనలేదు. గట్టిముడి మాత్రం వెళ్తూనే ఉన్నాడు, పోటు ఆగిన వేళ మాత్రమే. వెళ్ళినప్పుడల్లా బావమరిది ఒడ్డున నిలబడి, అంత దూరం వెళ్ళకు, ఇటు తిరుగు అని ఫోనులో పోరుతూనే ఉంటాడు. పోయిన నెల ఒకరోజు నేనూ వాళ్ళతో వెళ్ళాను. ఆ రోజు ఒక్క చేపా పడలేదు. గట్టిముడి ఒడ్డుకి రాగానే బావమరిది మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వెళ్ళి కయాక్ ముందు పిడి పట్టుకున్నాడు, వెనక పిడి బావ పట్టుకున్నాడు. నువ్వు తొందరగా నడుస్తున్నావంటే నువ్వు తొందరగా నడుస్తున్నావని తిట్టుకుంటూ, ఇద్దరూ దాన్ని గట్టు మీదికి మోసుకెళ్ళారు.